చీకట్లో లేచిన పాలికలు

తార్‌బహార్ రైల్వే క్వార్టర్లు,
బిలాస్‌పూర్,
14 ఆగస్టు 1938.

వ్యవసాయ కాలేజీలో పట్టా పుచ్చుకున్న మహాపండితులు ఆదినారాయణ గారికి, మీకు పెళ్లాం కాకుండా బయటపడ్డ కనకం నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ, మీరు పట్టుకు వేలాడే మీ అమ్మగారి కొంగూ క్షేమమని తలుస్తాను.

మీరంతా విజయనగరం బండెక్కి వెళ్లిపోయాక మా నాన్న లోకో షెడ్డుకి డ్యూటీకి పోలేదు. నలుగురికీ మొహం చూపించలేరట. పందిరి ఇంకా విప్పలేదు. పెళ్లిపొద్దున్న మీ అమ్మగారు పాలికల్లో నవధాన్యాల మొలకలు చూసి, "ఏటిది? రగతం లేని మొలకలు! ఈ పిల్లని తెచ్చుకుంటే మా వంశం నిలుస్తాదా?" అని విడిదికి తిరిగిపోయారు. మొలకలు పాలిపోయి పసుపురంగులో లేచినందుకు నా పెళ్లి ఆగిపోయింది.

పక్క క్వార్టరు ఫుల్‌మతి విని నోరెళ్లబెట్టింది. ఇక్కడి ఆడపిల్లలు ఈ శ్రావణంలోనే బుట్టల్లో గోధుమలు చల్లి, వెలుతురు తగలని గదిలో పెంచుతారు. భోజలీ అంటారు. ఎంత పసుపుగా లేస్తే అంత శుభమట. అచ్ఛా, మీ వాళ్లకి ఇది కూడా తెలీదా అని అడిగింది. మా వాళ్లకి తెలియకపోతే పోనివ్వండి. మీకు తెలుసు కదా!

పెళ్లిచూపులనాడు నన్ను ఒక్క ప్రశ్న అడక్కుండా మా నాన్నకి మొలకల పాఠం చెప్పారు. వెలుతురు పడితేనే మొలకకి ఆకుపచ్చ రంగు పుడుతుందనీ, చలికి మొక్కజొన్న మొలక ఊదారంగు తిరుగుతుందనీ, నేలలో భాస్వరం తగ్గినా అంతేననీ. కాఫీ చల్లారిపోతున్నా ఆపలేదు. ఆ రోజు మీరు నాకు ఎంత నచ్చారో! అంత చదువూ మీ అమ్మగారి ముందు ఏమైపోయింది? ఆవిడ వెనకాల బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డారు.

మీరు వెళ్లాక ఆ పాలికలు ఎండలో పెట్టాను. మర్నాటికి ఆకుపచ్చగా తిరిగాయి. వాటికి ఒక పూట ఎండ సరిపోయింది. మీకు ఏ ఎండా పనిచేసేలా లేదు. పట్టాకి అద్దం కట్టించి గోడకి తగిలించుకోండి, చూసేవాళ్లకి బావుంటుంది.

ఇట్లు,
మీ ఇంటిపేరు అక్కర్లేని
కనకం

తా.క.: పాలికల్ని పెట్టెలగదిలో దుప్పటి కప్పి దాచింది నేనే. మా నాన్నకి ఇప్పటికీ తెలీదు. మీరు తల్లి ముందు నోరు విప్పరని చుట్టాలు చెబితే నేను నమ్మలేదు. తాళి పడకముందే తేల్చుకుందామనుకున్నాను. వీటికి వెలుతురు తగల్లేదమ్మా అని ఒక్క మాట మీ నోట వినాలని, పెళ్లిచీర కట్టుకుని తలుపు వెనక నిలబడ్డాను. మీరు అంటారనే అనుకున్నాను.