ఈ ఎండకి బట్ట ఆరదు

సెప్టెంబరు 4, పొద్దున

వచ్చి మూడో రోజు. ఈ నోటుబుక్కు అల్లుడు ఇచ్చాడు. మా ఆయన ఫోన్లో రోజూ మూడే అడుగుతారు. ఎండ ఎలా ఉంది, ఏం తిన్నారు, ఊరెలా ఉంది. నాకు ఫోను చెవిన పెట్టగానే అన్నీ ఎగిరిపోతాయి. రాసి పెట్టుకుని చూసి చెప్పండి అత్తయ్యా అన్నాడు. నాది ఐదో తరగతి. బట్టల మూటల మీద ఇంటి నంబర్లు రాయడానికి తప్ప పెన్ను పట్టింది లేదు. తప్పులుంటే ఉండనీ. చదివేదెవరు.

ఎండ: ఉంది. చూడ్డానికి మన ఎండే. కింద చెయ్యి పెడితే వేడి లేదు. మొన్న బాల్కనీలో ఆరేసిన తువ్వాలు ఇంకా చెమ్మగానే ఉంది. మా ఇస్త్రీ బల్ల దగ్గరైతే ఆరేసి టీ తాగొచ్చేసరికి అప్పడంలా పెళపెళలాడుతుంది.

తిండి: రొట్టె, పాలు. అల్లుడు ఫ్రిజ్జులోంచి తీసిన అన్నం చల్లగానే తినేశాడు. వేడి చేస్తానంటే వద్దన్నాడు.

ఊరు: చప్పుడు లేదు. హారన్ కొట్టేవాడు లేడు. రోడ్డు మీద ఒక్క బండి లేకపోయినా ఎర్రలైటు చూసి మనుషులు బొమ్మల్లా నిలబడతారు.

ఇవి ఆయనకి చెప్పేవి. ఇవే మూడు ప్రశ్నలు ఆయన ఎనిమిదేళ్ళు మా అమ్మాయిని అడిగారు. ఫిబ్రవరి నుంచి అడగడానికి మనిషి లేదు.

సెప్టెంబరు 4, సాయంత్రం

ఆయనకి చెప్పనివి కూడా ఇందులోనే రాసుకుంటాను.

మా అమ్మాయి తలనొప్పి అంది. మూడో రోజుకి లేదు. నాకు వీసా వచ్చేసరికి ఇక్కడ అంతా అయిపోయింది. మాకు దాని బూడిద ఉన్న ఒక డబ్బా వచ్చింది.

ఇప్పుడు పిల్ల కోసం వచ్చాను. ఆరేళ్ళు. దాని అసలు పేరు పిలిస్తే పలకదు, పిడుగు అంటేనే పలుకుతుంది, వాళ్ళమ్మ అలా అలవాటు చేసింది. వచ్చేటప్పుడు ఒక టికెట్, వెళ్ళేటప్పుడు రెండు. అక్టోబరు 17. అల్లుడిది బస్సు డిపోలో మెకానిక్ పని, తెల్లవారకముందే వెళ్ళాలి. పై అంతస్తులో ఉండే నర్సమ్మ పిల్లని స్కూల్లో దించుతుంది. నా వల్ల కావడం లేదు అత్తయ్యా, మీరే పెంచండి అని అతనే ఫోన్లో ఏడ్చాడు. మా ఆయన అప్పుడే స్కూలు మాట్లాడేశారు, దాని బట్టలకి ఒక అర ఖాళీ చేశారు.

పిల్లకి ఇంకా చెప్పలేదు. ఎవరు చెప్పాలో తేలలేదు.

సెప్టెంబరు 7

ఎండ లేదు. సన్నటి వాన. ఇది వానని వీళ్ళెవరూ అనుకోవడం లేదు, గొడుగు తీసినదాన్ని నేనొక్కదాన్నే.

బస్సు వస్తుంటే రోడ్డు మీదికి వెళ్ళి చెయ్యి అడ్డం పెట్టాను. మన దగ్గర అలా ఆపితేనే ఆగుతుంది. డ్రైవరు బిత్తరపోయాడు. పిడుగు నా కొంగు పట్టి వెనక్కి లాగింది. స్టాపులో నిలబడితే చాలట, అదే ఆగుతుందట. బస్సెక్కాక కూడా నేను గట్టిగా మాట్లాడుతున్నానని చెవిలో చెప్పింది. "అమ్మమ్మా, ఇక్కడ ఎవరికీ చెవుడు లేదు." అచ్చం వాళ్ళమ్మే. నవ్వొచ్చి, తర్వాత కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

పప్పులో కారం వేయకుండా వండాను. అది రెండుసార్లు వడ్డించుకుంది. నాతో వచ్చాక మెల్లగా కారం అలవాటు చేయాలి.

సెప్టెంబరు 9

ఇవాళ మనసు కాస్త కుదుటపడింది. చేతులకి పని దొరికింది. వాళ్ళు వెళ్ళగానే ఇల్లంతా దులిపి పోగేశాను. కర్టెన్లు, దుప్పట్లు, గలీబులు, అల్లుడి నూనె మరకల చొక్కాలు. కింద మెషీన్ ఉందట, నాకు నమ్మకం లేదు. స్నానాల తొట్టిలో నానబెట్టి చేత్తోనే ఉతికాను.

పిల్ల దిండు కింద ప్లాస్టిక్ కవరు కనబడింది. అందులో మా అమ్మాయి నైటీ. పిడుగు పుట్టకముందు మా ఇంటికి వచ్చినప్పుడు నేనే అంచు కుట్టిచ్చాను. మెడ దగ్గర నల్లగా జిడ్డు పట్టి ఉంది, చేతికి పసుపు మరక. నాకు ప్రాణం చివుక్కుమంది. కాలరు మీద చుక్క మురికి ఉంటే బడికి వెళ్ళనని మొండికేసే పిల్ల నా పిల్ల. దాని బట్ట ఇలా ఉండడమా. ఎవరూ పట్టించుకోలేదు, ఉతికేవాళ్ళు లేక అలా పడేశారు అనుకున్నాను. దానికి ఇంక నేను చేయగలిగిన పని ఏముంది, ఇదొక్కటే. ఏడుస్తూనే ఉతికాను. రెండుసార్లు సబ్బు పెట్టాను. హీటరు మీద ఆరేసి, ఇస్త్రీ చేసి, కత్తిలాంటి మడత పెట్టి మళ్ళీ దిండు కిందే ఉంచాను.

స్కూలు నుంచి రాగానే చూసి మురిసిపోతుంది.

సెప్టెంబరు 10

ఉతక్కూడదట.

సెప్టెంబరు 12

నిన్న రాయలేకపోయాను.

ఆ రోజు పిడుగు స్కూలు నుంచి వచ్చి దిండు ఎత్తింది. నైటీ విప్పి మొహానికి పెట్టుకుంది. తీసి మళ్ళీ పెట్టుకుంది. లోపలి వైపు తిప్పి చూసింది. ఏడవలేదు. మళ్ళీ మడత పెట్టలేక ఉండచుట్టి కుర్చీ మీద పెట్టి గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నానికి లేవలేదు.

అల్లుడు నన్ను వంటింట్లోకి పిలిచాడు. ఒక్క మాట కూడా కోపంగా అనలేదు, అదే నన్ను తినేస్తోంది. "అది వాళ్ళమ్మ వాసన అత్తయ్యా. అందుకే ఉతక్కుండా ఉంచాం." పిల్ల రోజూ అది పెట్టుకునే నిద్రపోతుందట. తనకి సెలవైన రోజు, పిల్ల స్కూలుకి వెళ్ళాక, తనూ కవరు తెరిచేవాడట.

నలభై ఇళ్ళ బట్టలు నా చేతి మీదుగా పోతాయి. నంబరు చెరిగిపోతే ముక్కు దగ్గర పెట్టుకుని ఏ చొక్కా ఏ ఇంటిదో చెప్తాను. ఒకటి కొబ్బరినూనె, ఒకటి బీడీ, ఒకటి మందుల వాసన. ఆయన కూడా నవ్వుతారు, నీది కుక్క ముక్కు అని. అలాంటిదాన్ని, నా కూతురి బట్ట చేతికొస్తే ముక్కు దగ్గర పెట్టుకోలేదు. మురికి చూశాను, నీళ్ళలో ముంచాను. ఏడ్చి ఏడ్చి ముక్కు మూసుకుపోయి ఉంది. చివరిసారి నాకూ దొరికేది. నేనే పోగొట్టుకున్నాను.

సెప్టెంబరు 15

ఎండ లేదు. అన్నం మిగిలింది. ఊరు చూడలేదు.

ఆయనకి అంతా బాగుందని చెప్పాను.

సెప్టెంబరు 18

పిడుగు నాతో మర్యాదగా ఉంటోంది. కంచం పెడితే థాంక్యూ అంటుంది. పక్కనుంచి వెళ్తూ తగిలితే సారీ అంటుంది. హోటల్లో మనిషితో ఉన్నట్టు. తిట్టినా బాగుండు.

నర్సమ్మ వచ్చింది. మన భాష మనిషి, నోరు కాస్త దురుసు, మనసు మంచిది. నేను అంతా చెప్పి తల కొట్టుకుంటుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "నయం, మీరు టైలరు కారు పిన్నీ. కత్తిరించి దిండు గలీబులు కుట్టేసేవారు." నవ్వకూడదనుకున్నాను, నవ్వేశాను. నవ్వుతూనే ఏడ్చాను. ఆ వాసన ఎలాగూ తగ్గిపోతోందని, పిల్ల కూడా ఈ మధ్య తనతో ఆ మాటే అందని చెప్పింది. నన్ను ఓదార్చడానికి చెప్పిందేమో. అయినా ఆ రోజుకి అదే తిండి.

సెప్టెంబరు 25

చలి. నేను రెండు స్వెట్టర్లు వేసుకుని మూటలా ఉన్నాను. ఇక్కడి ముసలివాళ్ళు కుక్కల్ని తిప్పుకుంటూ నన్ను చూసి నవ్వుతారు, తల ఊపుతారు, వెళ్ళిపోతారు. మన దగ్గర ఒకరు నవ్వారంటే మూడు తరాలు అడిగి గానీ కదలరు.

పిడుగు జడ వేయించుకుంటూ ఉన్నట్టుండి అడిగింది, అమ్మ చిన్నప్పుడు ఏ వాసన వచ్చేదని. దువ్వెన ఆగిపోయింది. నిజమే చెప్పాను. గంజి వాసన, బొగ్గుల పొగ వాసన. ఇస్త్రీ బల్ల కిందే పడుకునేది కదా. బొగ్గు అంటే ఏంటని అడిగింది. చెప్పాను. ఛీ అంది. తర్వాత వేడి చేసిన అన్నం తిని, ఇంకొంచెం పెట్టమంది.

అక్టోబరు 4

ఇవాళ మా అమ్మాయి పనిచేసిన లాండ్రీకి వెళ్ళాను. శనివారం అల్లుడి డ్యూటీ అయ్యేదాకా పిడుగు అక్కడే ఉంటుంది, వాళ్ళమ్మ ఉన్నప్పటి అలవాటు. నాలుగు శనివారాలు ఏదో ఒక వంక పెట్టి నేను తప్పించుకున్నాను, నర్సమ్మే తీసుకెళ్ళింది. మా అమ్మాయి నిలబడ్డ చోటు ఖాళీగా చూడలేననుకున్నాను. ఇవాళ నర్సమ్మకి డ్యూటీ పడింది.

తలుపు తియ్యగానే వెచ్చటి ఆవిరి. ఈ దేశంలో మొదటిసారి నాకు చలి వెయ్యలేదు. పెద్ద హాలు, గోడ పొడుగునా మెషీన్లు, హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు కుప్పలు. సూపర్‌వైజరు భారీ మనిషి. పిడుగు ఏదో చెప్పగానే వచ్చి నన్ను కావలించుకుంది, ఎముకలు విరిగాయనుకున్నాను. ఆమె మాటలు పిడుగే నాకు తెలుగులో చెప్తూ వచ్చింది, మధ్యమధ్య తన సొంత కవిత్వం కలిపి.

ఖాళీ చోటు ఎక్కడా లేదు. ఆ బల్ల దగ్గర ఇప్పుడు ఇంకో అమ్మాయి ఉంది. గలీబులు మడత పెడుతోంది. నేను కదలకుండా నిలబడిపోయాను. మూతిని లోపలికి తోసి, బొటనవేలితో మూల నొక్కి, తిరగేసే మడత. అది మా మడత. సైకిలు మీద మూట జారకుండా మా అత్తగారు పెట్టేవారు, ఆవిడ దగ్గర నేను, నా దగ్గర మా అమ్మాయి. పక్క బల్ల చూశాను. అక్కడా అదే. ఎనిమిది బల్లల మీదా అదే. మా అమ్మాయే నేర్పిందట. మామూలు మడత కన్నా కాస్త టైము ఎక్కువ పడుతుంది, మొదట్లో సూపర్‌వైజరు కసురుకుందట. తర్వాత ట్రాలీలు తోసినప్పుడు దొంతరలు కూలడం లేదని చూసి ఊరుకుందట. చేతినిండా పచ్చబొట్లున్న ఒకతను మూతి తోయకుండానే మడిచేస్తుంటే పిడుగు వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. అంత మనిషీ విప్పి మళ్ళీ మడిచాడు.

నా చేతికి ఇస్త్రీ పెట్టె ఇచ్చారు. పక్షిపిల్ల అంత బరువు. ఒక చొక్కా చేసి చూపించాను. అందరూ పని ఆపి చూశారు. పిడుగు అందరికీ ఏదో చెప్పింది. మా అమ్మమ్మ అని చెప్పి ఉంటుంది.

అక్టోబరు 5

ఆదివారం. పిడుగు నన్ను నడిపించింది. ఈ బెంచీ మీద అమ్మ షూ లేసు కట్టింది. ఈ కిటికీలో కేకులు చూసి, కొనకుండా వాసన చూసి వెళ్ళిపోయేవాళ్ళం. ఈ మలుపులో అమ్మ జారి పడింది, ఇద్దరం నవ్వాం. ఈ చెట్టు అమ్మకి నచ్చదు, కాకులు. నాకు ఇన్నాళ్ళూ అన్నీ ఒకేలా ఉన్న రోడ్లు.

బెంచీ మీద కూర్చోబెట్టి నేనే అడిగేశాను. పెద్దవాళ్ళు తేల్చుకునే దాకా ఆగలేకపోయాను. నాతో మా ఇంటికి వచ్చి ఉంటావా అని. అక్కడ ఎండ బాగుంటుందని, వేడి వేడి అన్నం పెడతానని, తాతయ్య అర ఖాళీ చేశారని చెప్పాను. అక్కడ అమ్మ ఎక్కడ ఉండేది అని అడిగింది. బల్ల దగ్గర, మేడ మెట్ల మీద, పంపు దగ్గర, అంతటా అన్నాను.

కాళ్ళు ఊపుతూ షూ లేసు వైపు చూసింది.

"నువ్వు చూశావు కదా అమ్మమ్మా. నేను అమ్మని అక్కడ చూళ్ళేదు."

అక్టోబరు 6

తీసుకెళ్తే ఇంకోసారి ఉతికినట్టే.

అక్టోబరు 8

అల్లుడికి చెప్పాను. పిల్ల ఇక్కడే ఉంటుంది బాబూ అన్నాను. కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ అతనికి పిల్లని ఇవ్వడం ఇష్టం లేదు, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేక కుమిలిపోతున్నాడు. టికెట్లు కంటబడకుండా సొరుగులో అడుగున పెట్టాడట. చెప్పొచ్చు కదయ్యా అని కోప్పడ్డాను. మీరు పిల్లని కూడా పోగొట్టుకున్నట్టవుతుందని భయపడ్డానన్నాడు. ఇద్దరం ఒకరికోసం ఒకరం పిల్లని లాగుతున్నాం.

నేనూ గట్టిగానే మాట్లాడాను. డిపోలో పగటి డ్యూటీ అడగాలి. చల్లన్నం మానాలి. మనిషి ఫ్రిజ్జు కాదు. శనివారం లాండ్రీ మానిపించకూడదు. అన్నిటికీ తల ఊపాడు. నేనింకా ఉండే ఈ వారంలో పప్పు, రెండు కూరలు నేర్పిస్తున్నాను. చెయ్యి బాగానే తిరుగుతోంది. ఉప్పే తెలియదు.

అక్టోబరు 9

ఆయనకి చెప్పాను.

కసిరారు. అంత దూరం వెళ్ళి చేతులు ఊపుకుంటూ వస్తావా, ఆ అరలో ఏం పెట్టుకోమంటావు, స్కూలు వాళ్ళకి ఏం చెప్పమంటావు అన్నారు. నేను ఎదురు చెప్పలేదు. ఆయన కోపం నాకు అర్థం కాక కాదు. నేనూ అదే అర మీద ఆశ పెట్టుకుని వచ్చాను. మడతల సంగతి చెప్పాను. ఎనిమిది బల్లలా అన్నారు. ఎనిమిది అన్నాను.

"ఫోను దానికియ్యి," అన్నారు.

పిడుగు బాల్కనీలోకి తీసుకెళ్ళింది. తలుపు సందులోంచి విన్నాను. ఎండ లేదు తాతయ్యా, పప్పు తిన్నా, రోడ్డు మీద బ్లూ కలరు బస్సు వెళ్తోంది అని చెప్తోంది.

అక్టోబరు 16

పెట్టె సర్దాను. రేపు ఎయిర్‌పోర్టుకి అల్లుడు, పిడుగు, నర్సమ్మ ముగ్గురూ వస్తామంటున్నారు. వద్దన్నాను. అక్కడ నేను మాట తప్పుతాను. ఇంటి గుమ్మంలోనే చాలు.

అక్టోబరు 17, ఫ్లైట్‌లో

కిటికీ సీటు నాది. పక్క సీటు పిడుగుది, ఖాళీ.

బెల్టులు పెట్టుకోమన్నారు. నాది పెట్టుకున్నాను. తర్వాత దానిది కూడా పెట్టాను. ఆరేళ్ళ పిల్ల నడుముకి సరిపోయేలా బిగించి.