పలకరాతి పిస్తోలు

జూలై 3, గురువారం

వదిలేశారు.

ముందు ఆ మాట రాసుకోవాలి. వదిలేశారు. ఇంట్లో ఉన్నాను. నా మంచం, నా ఫ్యాను, పక్కింటి మిక్సీ మోత... ఎంత బాగుంది ఆ మోత!

అక్క అన్నం తెచ్చి పెట్టింది. "తిను. రేపు తిడతాలే." నాయన నేరుగా పలకలు కోసే షెడ్డుకు పోయాడు. కాసేపటికి రంపం శబ్దం. కోపం వచ్చినా, సంతోషం వచ్చినా ఆయనకు రాయి కోయడమే.

అమ్మ కొమరోలులో పిన్నమ్మ దగ్గరుంది. ఇంకా చెప్పలేదు. చెప్పేదెవరు?

మిగతాదంతా రేపు. ఇప్పుడు అన్నం.

జూలై 4

వరసగా రాయాలి. లేకపోతే నాకే అబద్ధంలా అనిపిస్తుంది.

మొదలు ఆటతో. అక్క ల్యాప్‌టాప్‌లో ఆడే జపాను ఆట. రౌడీ ముఠాలు, రంగు దీపాల వీధులు, సూటు వేసుకున్న హీరో. కానిస్టేబులు పరీక్షకు చదివి చదివి తల వేడెక్కినప్పుడు కాసేపు ఆడేది. నేను పక్కన కూర్చుని తిట్టేవాణ్ణి — హింసను అమ్ముకునే సరుకు అని. ఆమె తెర మీంచి చూపు తిప్పకుండానే — "ఒరే, వీడు తుపాకి పట్టడు చూడు. సైకిలెత్తి కొడతాడు. నీ కరపత్రాల కంటే వీడే నయం."

నిజమే, పట్టడు. తుపాకులన్నీ ఎదుటివాళ్ళ చేతుల్లోనే. కానీ ఆ తుపాకులు! ఆటలో వాటికి పేరుండదు. పిస్తోలు, అంతే. నేను ఆట ఆపించి ఆపించి చూశాను. నెట్‌లో వెతికాను. ఒక్కటీ కల్పన కాదు. పోలీసువాడి నడుముకున్న చిన్న రివాల్వర్ — అక్కడి పోలీసులు నిజంగా వాడేదే, పిడికి కట్టిన తాడుతో సహా. కారులోంచి కాల్చే పొడుగుది అమెరికావాళ్ళది. ముఠా పెద్ద సొరుగులోంచి తీసేది పాత రష్యా సైన్యం పిస్తోలు. పిడి మీద గుండ్రం, అందులో నక్షత్రం. నక్షత్రం చుట్టూ ఉండే అక్షరాలు మాత్రం చెరిపేశారు. నిజం పిస్తోలుకు సేఫ్టీ మీట ఉండదట — ఆటలోనూ లేదు! మనిషిని చంపే వస్తువుకు పేరు తీసేసి రూపం ఉంచుకున్నారు. మామూలు మనిషికి తుపాకి దొరకని దేశంలో కూర్చుని తుపాకిని ఇంత ప్రేమగా చేస్తారా — ఒళ్ళు మండింది.

కరపత్రం రాశాను. శీర్షిక — పేరు దాచిన తుపాకులు. గిద్దలూరులో కుర్రాళ్ళ గ్రంథాలయం ఒకటుంది, వాళ్ళు వచ్చి మాట్లాడమన్నారు. మాటలు చాలవనిపించింది. అందరి ముందూ ఒక తుపాకిని సుత్తితో పగలగొట్టాలి! నిజంది ఎక్కడ తేను? ప్లాస్టిక్‌ది పగిలితే నవ్వుతారు. పలకలకు పేరున్న మార్కాపురం పక్కన పుట్టినవాడికి ఇంకేం తోస్తుంది — పలక రాయి.

షెడ్డు వెనక తుక్కు కుప్పలోంచి దళసరి ముక్క ఏరాను. ఉలి, ఆకురాయి. గట్టిగా కొడితే పొరలు లేస్తాయి, మెల్లగా గీకాలి. చివర కొబ్బరినూనె రాశాను. రాయి కాస్తా ఇనుమైపోయింది. నక్షత్రం కూడా చెక్కాను. చూసుకుని చూసుకుని మురిశాను... ఇప్పుడు తలుచుకుంటే అదోలా ఉంది. పగలగొట్టడానికి చేసినవాడు అంత నున్నగా ఎందుకు తోమాలి?

అక్క పిలుస్తోంది.

జూలై 4, సాయంత్రం

గిద్దలూరు బస్సు. సంచి తల మీది అరలో పెట్టాను. ఊరు దాటిందో లేదో, గేదెలు అడ్డం. డ్రైవరు బ్రేకు. సంచి కింద. తువ్వాలు విడిపోయింది. అది జారి పక్క సీటు అవ్వ కాళ్ళ దగ్గర ఆగింది.

"ఓర్నాయనో... తుపాకి!"

అందరూ లేచారు. కండక్టరు మాత్రం మర్యాదగానే — "తమ్ముడూ, ఏంది అది?"

రాయిలే అన్నా, అంటే అయిపోయేది. నేనేం చేశాను? బస్సు బస్సంతా నా వైపే చూస్తోంది — సభ అనుకున్నాను! గ్రంథాలయంలో చెప్పాల్సింది అక్కడే మొదలుపెట్టాను. "ఇది రష్యా సైన్యం వాడిన పిస్తోలు. దీంట్లో ఎనిమిది గుళ్ళు పడతాయి..."

ఎనిమిది గుళ్ళు అన్నాక ఇంకెవరు వింటారు? అవ్వ కాళ్ళు ముడుచుకుని సీటు మీదికి ఎక్కింది. "మామా, బస్సును పోలీసు స్టేషనుకు తిప్పు," అన్నాడు కండక్టరు డ్రైవరుతో.

సంచిలో కరపత్రాలు. ఎర్ర అట్టల పుస్తకాలు. సుత్తి. పిస్తోలు మీద నక్షత్రం. పక్కన నల్లమల, ఒకప్పుడు నక్సలైట్లున్న అడవి. ఇవన్నీ ఒకచోట చేర్చితే ఏ బొమ్మ వస్తుందో, స్టేషను బల్ల మీద పరిచాక గానీ నాకు కనపడలేదు.

ఎస్సై కొత్తాయన. కోస్తా మాట. పిస్తోలును చేత్తో ముట్టుకోలేదు, పెన్నుతో తిప్పి చూశాడు. నక్షత్రం దగ్గర పెన్ను ఆగింది.

"ఎవరిచ్చారు బాబూ ఇది?"

"నేనే చేసినాను సార్."

"తయారు చేస్తావా? ఎక్కడ?"

"మా నాయన షెడ్డులో."

నోరు తెరిచిన ప్రతిసారీ ఇంకొకరిని ఇరికిస్తున్నాను. రాయి సార్, అన్నాను. ఆటలోది సార్, అన్నాను. "ఆటా?" అన్నాడాయన, ఇంకా అనుమానంగా. హెడ్డు కానిస్టేబులు మన వైపు మనిషే. చెవి దగ్గర వంగి — "అబ్బోడా, నువ్వు సప్పుడు జేయకుండా కూచుంటేనే నీకు మంచిది."

ఇంట్లో ఎవరెవరని ఎస్సై అడిగాడు. నాయన, అమ్మ, అక్క. అక్క ఏం చేస్తుంది?

అక్క కానిస్టేబులు పరీక్ష పాసైంది. పరుగూ పాసైంది. ఇక మిగిలింది ఇంటి గురించి వాకబు చేయడమే. మా ఊరు ఆ స్టేషను కిందికే వస్తుంది. తమ్ముడి మీద కేసుంటే...

ఫలితాలు వచ్చినప్పటి నుంచీ నేను ఆమెతో మాట్లాడడం లేదు. రాజ్యం చేతి కర్ర అని మొహం మీదే అన్నాను. ఆ కర్ర ఉద్యోగం ఆమెకు రావాలని నాకెంత ఉందో ఆ బల్ల ముందు తెలిసింది. దేవుడు లేడని కరపత్రం రాసినవాణ్ణి — మనసులో మొక్కుకున్నాను. ఎవరికి మొక్కానో తెలియదు.

జూలై 5

నిన్న అక్కడ ఆపేశాను. చెయ్యి నొప్పి అనుకున్నాను. కాదు. మళ్ళీ ఆ బెంచీ మీద కూర్చున్నట్టయింది.

అక్క, నాయన వచ్చారు. నాయన షెడ్డు బట్టల్లోనే, ఒంటి నిండా రాతి దుమ్ము. "మీవాడు రాయి అంటున్నాడు. మాకెలా తెలుస్తుంది? ల్యాబు పరీక్షకు పంపాల్సొస్తుందేమో," అన్నాడు ఎస్సై. పంపాలంటే కేసు కట్టే పంపాలి. అది నాకు అర్థమయ్యేలోపే అక్కకు అర్థమైంది.

అక్క నాయన జేబులోకి చెయ్యి పెట్టింది. కోత గీతలు గీసుకోవడానికి ఆయన జేబులో ఎప్పుడూ బలపం ఉంటుంది. తీసి ఎస్సై ముందు పెట్టింది.

"మీరే రాసి చూడండి సార్. పలకైతే పడతది."

ఎస్సై బలపం పట్టుకున్నాడు. గొట్టం మీద రాయబోయాడు. జారింది. గీత పడలేదు. మళ్ళీ జారింది.

నూనె! నేను రాసిన నూనె! ఆ క్షణంలో చచ్చిపోయాను, అంతే.

నాయన చొక్కా మీది దుమ్ము చేత్తో దులిపి పిస్తోలు మీద చల్లాడు. తువ్వాలుతో గట్టిగా, పట్టి పట్టి రుద్దాడు. మళ్ళీ చల్లాడు, మళ్ళీ రుద్దాడు. మెరుపు పోయి రాయి బూడిద రంగుకొచ్చింది. ఎస్సై వైపు తోశాడు.

అ.

తెల్లగా పడింది. దాని పక్కన ఆ. తర్వాత ఎస్సై — నా కళ్ళతో చూశాను — బొటనవేలు నాలుకతో తడుపుకొని తుడిచాడు! చిన్నప్పుడు అందరం తుడిచినట్టే.

హెడ్డు కానిస్టేబులు ఆపుకోలేకపోయాడు. "ఎంగిలితో తుడిస్తే చదువు రాదంటారు సార్!" ఎస్సై నవ్వాడు. తర్వాత స్టేషనంతా. నాయన నవ్వలేదు. నేను ఏడ్చాను, వెక్కి వెక్కి. రాసుకోవడానికి సిగ్గు లేదు.

"కేసేం లేదు, వెళ్ళు. బస్సుల్లో ఉపన్యాసాలు మానెయ్. ఇది మాత్రం ఇక్కడే ఉంటుంది."

"సార్, అది పగలగొట్టడానికి..." అన్నాను. అక్క నా కాలు తొక్కింది. మామూలుగా కాదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో —

"రాజ్యం చేతి కర్ర వచ్చి ఇడిపించిందా, లేదా?"

"వచ్చింది."

"ఎవురు?"

"నువ్వే."

"అట్ల గాదు. పిలువు."

"అక్కా."

అటు తిరిగి కూర్చుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

జూలై 7

ఆకలి బాగా వేస్తోంది. మిక్సీ మోత మళ్ళీ విసుగ్గా ఉంది. అంటే మామూలైపోయాను.

జూలై 8

గిద్దలూరు పోయొచ్చాను. చేతిలో ఏమీ లేకుండానే మాట్లాడాను. బానే విన్నారు. పోయేటప్పుడు అదే కండక్టరు. టికెట్టు చించుతూ — "తమ్ముడూ, ఈసారి సంచి ఒళ్ళో పెట్టుకో."

జూలై 9

కొమరోలు నుంచి అమ్మ ఫోను. "బస్సులో ఎవుడో తుపాకితో దొరికినాడంట గదరా! నువ్వు ఊరికే ఆ బస్సుల్లో తిరగాకు నాయనా." సరేనమ్మా, అన్నాను. అక్క చున్నీ నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగు.

జూలై 10

నాయన ఇవాళ మొదటిసారి మాట్లాడాడు. షెడ్డులో. "నక్షత్రం బాగా చెక్కినావు." అంతే.

రంపం కిందికి రాయి జరుపుతూ — "నీ వయసులో మా సావాసగాణ్ణి ఒకణ్ణి ఇట్లనే సంచితో పట్టుకపోయినారు. అడవి పక్క ఊర్లల్లో అప్పుడు అట్ల ఉండె. వాని సంచిలో ఉండింది టార్చిలైటు. వాడు..." రంపం వేశాడు. మిగతాది వినపడలేదు. అడగలేదు.

ఆ రోజు స్టేషనులో ఆయన ఎందుకు నవ్వలేదో...

జూలై 11

అక్క మళ్ళీ ఆట పెట్టింది. పక్కన కూర్చున్నాను. ముఠా పెద్ద సొరుగు లాగాడు. అదే పిస్తోలు, అదే నక్షత్రం. ఇద్దరం ఒకేసారి — "అ... ఆ..." కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం.

కరపత్రంలో రాసింది తప్పా? కాదు. ఇప్పటికీ అదే అంటాను. ఒక్క వాక్యం మాత్రం మార్చాలి. తుపాకిని అంత ప్రేమగా ఎవరు చేస్తారని అడిగాను కదా. నేను చేశాను. అది కూడా రాయాలి.

జూలై 14

హెడ్డు కానిస్టేబులు ఫోను. గొంతు గుర్తుపట్టగానే లేచి నిలబడ్డాను.

"భయపడాకబ్బా, మంచి మాటే. మా సారు కొడుకు కూడా ఆ జపాను ఆటే ఆడతాడంట. సారు టేబులు మీదుండే నీ రాతి పిస్తోలు ఫోటో చూసినాడు, నాకూ కావాలని ఒకటే గోల. పోలీసోళ్ళది చిన్నది ఉంటాదంట గదా, తాడు కట్టింది... అది చేసిస్తావా?"

నేనేమీ అనకముందే — "మీ అక్క వాకబు మా దగ్గరికే వచ్చింది. దానికీ దీనికీ ఏం సంబంధం ల్యాదులే."

సంబంధం లేకపోతే లేదని చెప్పడమెందుకు! రక్తం మరిగింది. చెయ్యను పో, అనబోయాను. నోట్లోంచి వచ్చింది వేరే — "చూస్తానన్నా."

ఆ మాట నాదేనా?

జూలై 15

రాతి ముక్క ఏరాను. ఉలి పట్టుకున్నాను. మొదటి దెబ్బ పడలేదు. చేస్తే నేనెవణ్ణి? చేయకపోతే అక్క గతేంది?

అక్క షెడ్డులోకి వచ్చింది. అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"వాళ్ళు బెదిరిచ్చలేదురా. పిల్లోడు ఆశపడినాడు. నీకు ప్రతిదాంట్లో రాజ్యమే కనపడతది." కాసేపు ఆ ముక్కను అటూ ఇటూ తిప్పింది. "అయినా చేయొద్దులే. తుపాకి చేసిచ్చి ఉద్యోగంలో చేరినట్టుంటది."

"రాకపోతే?"

"రాకపోతే ఈ షెడ్డులోనే చేరతా. నాయన నీకంటే ఎక్కువే ఇస్తాడు కూలి."

మోస్తున్న బండ ఎవరో దించినట్టుంది. ఇద్దరం టీ తాగాం. ఉలి చోట్లో ఉలి పెట్టేశాను.

జూలై 16

పొద్దున వాకబుకు అక్కను స్టేషనుకు రమ్మన్నారు. ఉత్త చేతులతో పోవడం ఎందుకంది. నాయన కొత్త పలక ఒకటి చెక్క చట్రంలో బిగించి ఇచ్చాడు. దాని మీద నేను బలపంతో గీశాను — ఆ పోలీసు రివాల్వర్. తిరిగే గుండ్రం, పిడి కింద రింగు, రింగుకు మెలికల తాడు. ఒక్క గీత తప్పు లేదు. చూసినన్నాళ్ళు చూసుకోవచ్చు, విసుగొస్తే తుడుచుకోవచ్చు. ఇది ఇవ్వడానికి నాకు ఏ బాధా లేదు.

చట్రం వెనక నా కరపత్రం అంటించాను. అక్క పీకింది. మళ్ళీ అంటించాను. మళ్ళీ పీకింది. "పిల్లోనికి పలకియ్యిరా, పాఠం గాదు." సరే. బలపాల డబ్బా కూడా కట్టింది. ఆటో ఎక్కి, పలక ఒళ్ళో పెట్టుకుంది.

ఎస్సై నవ్వుతాడా? అడిగింది ఇది కాదంటాడా?

మధ్యాహ్నం

ఇంకా రాలేదు. ఆ దారంతా గుంతలు. చున్నీ రాసుకుని ఈపాటికి సగం రివాల్వర్ తుడిచిపోయే ఉంటుంది. ఏ సగం మిగిలిందో.

ఫోను చేయాలనుంది. చేయను. సప్పుడు జేయకుండా కూచోవడం నేర్చుకుంటున్నాను. నాయన రంపం ఆపి ఆపి రోడ్డు వైపు చెవి పెడుతున్నాడు.

ఆటో శబ్దం...

కాదు. గ్యాసు బండి.