మూడో వరుస

నవంబర్ 19, సోమవారం

నతానియెల్‌ను తీసేశారు. నా తమ్ముణ్ణి, బంతి విసిరే పిచర్‌ని. మచెతెస్ బేస్‌బాల్ జట్టు బట్టలు మార్చుకునే గదిలో, అందరి ముందు. ఇంజనీరు చేతిలో టాబ్లెట్ పట్టుకుని వచ్చి, ఇక మీ అవసరం లేదు, ధన్యవాదాలు అన్నాడట. ధన్యవాదాలు! పీక కోసి, కత్తికి అంటిన నెత్తురు తుడుచుకోమని రుమాలు ఇచ్చినట్టు.

ఇంజనీరు అంటే రైనియేరో కెసాడా. సాంతియాగో నుంచి దిగాడు. వంతెన కట్టింది లేదు, రోడ్డు వేసింది లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆటగాళ్ళను కొలుస్తాడు. బంతి విసిరి ఎరగని చెయ్యి అది. అరచేతిలో ఒక్క కాయ లేదు, నేను చూశాను.

కారణం మూడో వరుసట. ఎదుటి బ్యాటర్లు తొమ్మిదిమందీ అయ్యాక మళ్ళీ మొదటివాడొస్తాడు, వరుస తిరుగుతుంది. మొదటి వరుసలో నతానియెల్ బంతి ఎవరికీ అందదు. రెండో వరుసలోనూ అంతే. మూడోసారి అవే మొహాలు ఎదురయ్యేసరికి వీణ్ణి చితకబాదుతారట. మూడేళ్ళ లెక్క అదే చెబుతోందట. అందుకని రెండు వరుసలు కాగానే దిగిపొమ్మన్నారు. వీడు దిగనన్నాడు. శనివారం ఆటలో మేనేజర్ మైదానం మధ్యకు వచ్చి చెయ్యి చాపితే, బంతి ఇవ్వకుండా గుప్పిట బిగించాడు. సోమవారానికి బయట పడ్డాడు.

ఇవాళ ఆ మేనేజర్ పక్కనే ఉండి నోరెత్తలేదు. పేతురు కూడా ప్రభువును మూడుసార్లు ఎరుగనన్నాడు. కాని చలిమంట దగ్గర, ప్రాణభయంతో, వణుకుతూ అన్నాడు. ఈయనకు ఏ భయం? పైన ఏసీ, కాళ్ళకింద తివాచీ. కోడి కూయడం ఒక్కటే తక్కువ.

ఆ జట్టు పిచర్లు దిగేముందు చెయ్యి వేడి చేసుకునే బుల్‌పెన్‌లో వార్మప్ బంతులు పట్టేది నేను. ఆదివారం ఆటకు ముందు వాళ్ళకు వాక్యం చెప్పేదీ నేనే. నువ్వూ మానెయ్యరా అంది అమ్మ. మాననన్నాను. దానియేలు బబులోను రాజు కొలువు మానేశాడా? లోపలే ఉంటాను. గోడమీద రాత కనబడేదాకా ఉంటాను.

నా పేరు అబ్దియాస్. నా పేరున్న ప్రవక్త బైబిల్లో ఒక్క అధ్యాయమే రాశాడు. నువ్వు చేసిందే నీకు జరుగుతుంది, నీ కీడు నీ నెత్తికే వస్తుంది అన్నాడు. నాకు ఆ అధ్యాయం చాలు.

నవంబర్ 20

ఆ ఇంజనీరు పడేదాకా కాఫీలో చక్కెర వేసుకోను. ప్రభువు సాక్షి.

నవంబర్ 21

చేదు. అమ్మ నవ్వింది. ఊరి చుట్టూ చెరకు పెట్టుకుని చక్కెర మీద పంతమేంట్రా, దేవుడికి నీ కాఫీ రుచి చూడ్డమే పనా అంది.

నవంబర్ 25, ఆదివారం

ఈ రోజు వాక్యం దావీదు జనసంఖ్య. కావాలనే తీశాను. లాకర్ల మధ్య నిలబడి గొంతెత్తాను. రాజు జనాన్ని లెక్కపెట్టించాడు, దేవుడికి కోపం వచ్చింది, దేశానికి తెగులు పట్టింది. మనిషిని అంకె చేసినవాడి మీదికి ఆ తెగులు తెచ్చిన దేవదూత కత్తి ఇప్పటికీ చాచే ఉందన్నాను. కుర్రాళ్ళు ఆమెన్ అన్నారు. ఇంజనీరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వాడి కళ్ళలోకి చూస్తూనే అన్నాను.

వాడు కదలలేదు. చెయ్యెత్తి, బ్రదర్, చిన్న సందేహం అన్నాడు. గిద్యోను సైన్యాన్ని ఎలా తగ్గించారు? ఏటి దగ్గరికి తీసుకెళ్ళి, నీళ్ళు ఎలా తాగుతున్నారో చూసి, మూడువందల మందిని ఉంచుకుని మిగతావాళ్ళను ఇంటికి పంపలేదా? దేవుడే పెట్టిన పరీక్ష కదండీ అది? మరి అలా ఇంటికెళ్ళిన వేలమందికీ అన్నలుంటారే, వాళ్ళు ఎవరిమీద పగబట్టారు?

గదంతా గొల్లుమంది. సెకండ్ బేస్‌లో ఆడే టిబుర్సియో అంపైర్‌లా చెయ్యి విసిరి, పాస్టర్ ఔట్ అని అరిచాడు.

జవాబు ఇంటికొచ్చే దారిలో తట్టింది. గిద్యోను మనుషుల్ని ఏరింది దేవుడు, సాంతియాగో ఇంజనీరు కాదు. ఆలస్యంగా వచ్చే జవాబు సైతాను వేసే భిక్షం.

డిసెంబర్ 2

మచెతెస్ మళ్ళీ గెలిచారు. వాడు ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చిన బొండాంగాడొకడు ఉన్నాడు, మోంతే ప్లాతా వాడు. నాలుగు జట్లు వద్దన్నాయి. పరుగెత్తితే బెల్టు ఒక దారి, వీడు ఒక దారి. కాని చెడ్డ బంతి జోలికి పోడు. ఓపిగ్గా నిలబడి, అలాంటివి నాలుగు వదిలేసి, కొట్టకుండానే దక్కిన బేస్‌కు తాపీగా నడుస్తాడు. ఆ నడకలన్నీ కూడా ఇంజనీరు ఎక్కడో రాసి పెట్టాడట. ఇరవై ఏళ్ళుగా బంతులు పడుతున్నాను, నేనెప్పుడూ నడకలు చూడలేదు. దెబ్బలే చూశాను.

డాన్ ఫాబియో జట్టు యజమాని. ఇంజనీరు భుజం మీద చెయ్యి వేసి తిరుగుతున్నాడు.

దుర్మార్గుడు పచ్చని చెట్టులా విస్తరించడం చూశానని కీర్తనకారుడు అన్నాడు. తరువాత వెతికితే కనబడలేదని కూడా అన్నాడు. ఆ రెండో మాట కోసమే బతికున్నాను.

డిసెంబర్ 22, శనివారం

స్తోత్రం! స్తోత్రం! స్తోత్రం!

ఇవాళ రెఫ్వెర్సోలను ఎంచుకునే రోజు. కింద పడ్డ జట్లు ఇంటికెళ్ళాయి. మిగిలిన నాలుగూ ఖాళీగా ఉన్న ఆటగాళ్ళలోంచి బలానికి తలా కొందర్ని తెచ్చుకున్నాయి. బరహోనా పెలికన్లు మొదట పిలిచిన పేరు నతానియెల్.

ఊరికే పిలవలేదు. పెలికన్ల మేనేజర్ సెనోనూ నేనూ ఒకే ఏట్లో బాప్తిస్మం తీసుకున్నాం. మొన్న బస్సెక్కి బరహోనా వెళ్ళాను. వాళ్ళింట్లో వేయించిన చేప ముందు పెట్టుకుని, ముద్ద ముట్టకుండా అడిగాను. మా వాళ్ళతో ఆట పడ్డప్పుడు తమ్ముణ్ణి దించకు. మూడో వరుస, నాలుగో వరుస, చివరిదాకా వాడే వెయ్యాలి. ఆ ఇంజనీరు కళ్ళారా చూడాలి.

సెనోన్ ముళ్ళు తీసుకుంటూ, నీకు ఆట గెలవాలా, మనిషి మీద గెలవాలా అబ్దియాస్ అన్నాడు. రెండూ ఒకటే అన్నాను. ఒకటి కాదులే గాని ముందు తిను అన్నాడు. చివరికి ఒప్పుకున్నాడు. నా అంతట నేను దించను, వాడు తనే అడిగితే తప్ప అన్నాడు. బైబిల్ మీద చెయ్యి వేయించాను.

వాడు అడుగుతాడా? గుప్పిట బిగించినవాడు!

డిసెంబర్ 24

పంది కాలింది, యూకా దుంప ఉడికింది, అమ్మ పాడింది. భోజనాలయ్యాక నతానియెల్ పెరట్లో కూర్చుని బంతిని వేళ్ళమధ్య తిప్పుతూ ఉన్నట్టుండి అన్నాడు. అన్నా, లెక్క అబద్ధం కాదు, మూడోసారి నిజంగానే కొడుతున్నారు.

ఎందుకని అడిగాను.

మొదటి రెండుసార్లు క్యాచర్ గ్లవ్ పెట్టినచోటుకి వేస్తాను అన్నాడు. ఆలోగా ఒకడు హిట్ కొట్టి నవ్వుతాడు, ఇంకొకడు మన అమ్మ పేరెత్తుతాడు. మూడోసారి వాడు రాగానే నాకు గ్లవ్ కనబడదు, వాడి మొహమే కనబడుతుంది. వాణ్ణి అవుట్ చెయ్యాలని ఉండదు, సిగ్గుతో చంపాలని ఉంటుంది. అన్నీ ఫాస్ట్‌బాల్సే వేస్తాను, నడిమధ్యకే వేస్తాను. వాడికి కావలసిందీ అదే.

మన ఇంటి రక్తం అన్నాను. ఛాతీ పొంగింది. బాకీ ఉంచుకోని వంశం మనది, ఆ నిప్పు ఆర్పకు అని చెప్పాను.

వాడు బంతి జేబులో పెట్టుకుని లోపలికెళ్ళాడు.

జనవరి 9

నతానియెల్ ఫోన్. ఇంజనీరు తన గురించి కట్టిన లెక్కలు ఒకసారి తెచ్చిపెట్టగలవా అని అడిగాడు. మండిపోయింది. సౌలు కవచం దావీదు తొడుక్కోలేదురా అన్నాను. గొల్యాతు కత్తి మాత్రం తీసుకున్నాడు కదన్నా అన్నాడు.

ఈమధ్య అందరికీ వాక్యం తెలుసు.

జనవరి 20, ఆదివారం, పొద్దున

సాయంత్రం ఐదుకు ఆట. మచెతెస్, పెలికన్లు. గెలిచినవాళ్ళు ఫైనల్‌కు. ఓడినవాళ్ళు ఇంటికి. నతానియెల్ వేస్తాడు.

మోకరించి ప్రార్థించాను. ప్రభువా, వాడి అంకెల్ని బూడిద చెయ్యి. పక్కింటి సెఫెరినో గోడమీంచి చూసి, కాళ్ళు నొప్పా పాస్టరూ అన్నాడు. వాడి చంకలో పందెంకోడి. ఆరు కోళ్ళను పొడిచి చంపిన కోడి. పుట్టాక ఒక్కసారీ కూయలేదట. దానికి మాటల్లేవు, చేతలే అంటాడు సెఫెరినో. అలాంటి మనిషి ఒక్కడుంటే చాలు నా సంఘంలో.

జనవరి 21

రాయాలి.

మచెతెస్ టోపీ పెట్టుకుని, మచెతెస్ బుల్‌పెన్‌లో కూర్చుని, మచెతెస్ నాశనానికి ప్రార్థించాను. మొదటి వరుస: ఎవడికీ బంతి తగల్లేదు. రెండో వరుస: ఒక్క టిబుర్సియో హిట్ కొట్టాడు. బేస్ మీద నిలబడి వీడివైపు తిరిగి, చేత్తో టాటా చెప్పాడు. ఇంటికెళ్ళిపో అని. స్టేడియం పగలబడి నవ్వింది. నాకు పండగ. కొట్టావు కదరా, మూడో వరుసలో రా, నా తమ్ముడు నీకు చెబుతాడు అనుకున్నాను. అప్పటికి పెలికన్లవి రెండు పరుగులు, మచెతెస్‌వి సున్నా.

మూడో వరుస తిరిగింది. బ్యాటింగ్ వరుసలో మొదటివాడు టిబుర్సియోనే. బ్యాట్‌తో నేల గీరుతూ వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. యజమాని గదిలో అద్దం వెనక ఇంజనీరు కూడా లేచి నిలబడ్డాడు.

నతానియెల్ వాణ్ణి చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత బంతిని చూసుకున్నాడు. తన జట్టు కూర్చునే డగౌట్ వైపు తిరిగి చెయ్యెత్తి సెనోన్‌ను పిలిచాడు.

సెనోన్ నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. నతానియెల్ గుప్పిట విప్పి బంతి ఆయన అరచేతిలో పెట్టాడు.

వెయ్యరా! అని అరిచాను. వెయ్యరా పిరికివాడా! మచెతెస్ టోపీతోనే అరిచాను. మా పిచర్లందరూ నావైపు తిరిగి చూశారు.

వాడి తరవాత బంతి వేసినవాళ్ళు ఒక్క పరుగే ఇచ్చారు. పెలికన్లు గెలిచారు. మచెతెస్ ఇంటికి.

బయట బస్సు దగ్గర తమ్ముడి చొక్కా పట్టుకున్నాను. ఎందుకు దిగావన్నాను. వాడు నా చేతులు మెల్లిగా విడిపించాడు. టిబుర్సియోను చూడగానే నోరూరింది అన్నా అన్నాడు. బంతి వాడి పక్కటెముకల్లో దించాలనిపించింది. ఎప్పుడు దిగాలో ఇంజనీరు చెప్పాడు, ఎందుకు దిగకూడదో నువ్వు చెప్పావు. ఇద్దరిలో ఒకరి మాటే వినగలను కదా.

అని నా నెత్తిమీది టోపీ సర్ది బస్సెక్కాడు.

జనవరి 22

డాన్ ఫాబియో పిలిపించాడు. ఇంజనీరు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. నిద్రలేని మొహం. నా లెక్క తప్పలేదండీ, అతను మూడో వరుసకు తనే దిగాడు, అందుకే గెలిచాడు అంటున్నాడు. డాన్ ఫాబియో బల్ల గుద్దాడు. రెండు వరుసలు అంత బాగా వేసేవాణ్ణి రెండు వరుసలకు వాడుకోక, ఊడబీకి మన మీదికే తోలావా? నీ లెక్క గెలిచి నా జట్టు ఓడితే ఆ లెక్క నేనేం చేసుకోను, ఫ్రేమ్ కట్టించుకోనా?

తరవాత నావైపు తిరిగాడు. అన్నవి నువ్వు, నిజం చెప్పు, మూడో వరుస భయంతోనే దిగాడా, చెయ్యి నొప్పా అన్నాడు.

ఇంజనీరు నన్నే చూస్తున్నాడు.

నాకు తెలియదన్నాను.

మధ్యాహ్నానికి వాణ్ణి తీసేశారు. బట్టలు మార్చుకునే గదిలోనే చెప్పారట, అందరి ముందు. నువ్వు చేసిందే నీకు జరుగుతుంది. ప్రవక్త మాట పొల్లుపోలేదు.

జనవరి 23

అమ్మ అడక్కుండానే కాఫీలో చక్కెర వేసిచ్చింది. రెండు చెంచాలు. తాగాను.

రేడియోవాళ్ళు ఫోన్ చేశారు. మీ తమ్ముడు ఆట మధ్యలో దిగిపోయాడేమిటి బ్రదర్, వినేవాళ్ళు చెవులు కోసుకుంటున్నారు అన్నారు. తెలియదన్నాను.

జనవరి 24, గురువారం

ఇంజనీరు వచ్చాడు. మా ఇంటికి. బ్యాగు భుజాన ఉంది, సాంతియాగో బస్సు గంటలో ఉందట. కొట్టడానికి వచ్చాడేమో అనుకుని గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. అమ్మ నన్ను పక్కకు నెట్టి కుర్చీ వేసింది, కాఫీ ఇచ్చింది. వాడు ఊదుకుంటూ తాగాడు. బాగుందమ్మా అన్నాడు.

పోతూ పోతూ గేటు దగ్గర ఆగాడు. బ్రదర్, నా లెక్కకు ఎప్పుడు అన్నది తెలిసింది, ఎందుకు అన్నది తెలియలేదు. చెయ్యి అలిసిపోతోందనుకున్నాను. అది కాదేమో. కారణం తెలిసుంటే వదులుకునేవాణ్ణి కాదు, సరిచేసుకునేవాణ్ణి. చిన్నప్పట్నుంచీ వాడి బంతులు పట్టినవాడివి, నీకేమైనా తెలుసా? నా ఉద్యోగం కోసం కాదు, అదెటూ పోయింది. ఊరికే, తెలుసుకోవాలని.

అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది.

తెలియదన్నాను.

జనవరి 25

తెల్లవారుజామున సెఫెరినో కోడి కూసింది.

అది కూయలేదంటాడు సెఫెరినో.