నర్తకి ఎడమ పాదం

మద్రాసు, 1957 జూలై

నాయనకు నమస్కారం.

"మొక్కై వంగనిది మానై వంగుతాదా? ఇరవై మూడేండ్లకు ఆట నేర్చేదేందిరా?" అని ఆళ్లగడ్డ బస్సు దగ్గర ఉలి చేతిలో పట్టుకునే అడిగావు. నాలుగేళ్ళకు వంగాను. బాలే నాట్య బృందంలోకి నన్ను తీసుకున్నారు, ఆఖరి వరుసలోనే అనుకో.

నిన్న సాధనలో ఎడమ మునివేళ్ళ మీద నిలిచి కళ్ళు మూసుకున్నాను. మన పందిట్లో రాతిపొడి మెల్లగా రాలుతున్నట్టు, నేనే రాయినై నీ ముందు నిలిచినట్టు అనిపించింది. అప్పుడు తెలిసింది, మనం చెక్కిన నర్తకి బొమ్మలన్నిటికీ ఎడమ పాదం నిలిపిన తీరు తప్పే. అలా నిలిస్తే మనిషి పడిపోతాడు.

గుడికని మొదలుపెట్టిన బొమ్మకు ఆ పాదం చెక్కకుండా ఉంచు. దసరాకు వచ్చి పందిట్లో నిలబడతాను. నన్ను చూసి చెక్కు. నీ ఉలి ఆగేదాకా కదలను.

నీ కొడుకు