అర్ధాంగికి రిజిస్టరు నోటీసు

చి.ల.సౌ. అర్ధాంగికి,

ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం అని రాయబోయి ఆగాను. దొంగ సాక్ష్యం చెప్పడం నాకు అలవాటు లేదు.

మధ్యాహ్నం కోర్టులో భోజన విరామం ఇవ్వగానే అలవాటుకొద్దీ ఇంటికి పరిగెత్తుకొస్తున్నాను. తాళం తీసేది నేనే, 'ఎవరూ?' అని అడిగేదీ నేనే. సాయంత్రం క్లయింట్లు వెళ్లిపోయాక ముందుగదిలో బెంచీలు నా మొహం చూస్తుంటాయి, నేను వాటి మొహం చూస్తుంటాను. అమ్మాయికి కాన్పు తేలిగ్గా అయింది, బాబు పుట్టాడు, సంతోషం. కానీ కాన్పుకని అమ్మాయి అత్తారింటికి వెళ్లినదానివి 'వచ్చే నెల, వచ్చే నెల' అంటూనే ఉన్నావు. మామూలుగా బతిమాలితే నీకు పట్టదు. అందుకని నాకు వచ్చిన భాషలో రాస్తున్నాను.

"ఇందుమూలముగా తమకు తెలియజేయునది ఏమనగా: తమరు నా ధర్మపత్ని అయి ఉండియు, కూతురి కాన్పు అను నెపముతో ఇల్లు విడిచి, వాయిదా మీద వాయిదా తీసుకొనుచు, నన్ను ఒంటరివానిని చేసియున్నారు. ఈ నోటీసు అందిన పదిహేను దినములలోగా కాపురమునకు రానిచో చట్టరీత్యా చర్య తీసుకొనబడును. ఖర్చులకు తమరే బాధ్యులు."

నవ్వొచ్చిందా? వస్తే వచ్చెయ్యి.

నీ ప్లీడరు మొగుడు

తా.క.: ఇంట్లో నా మాటకి ఎదురు చెప్పేవాళ్లు లేరు. ప్రతి వాదనా నేనే గెలుస్తున్నాను. ఇంత చప్పటి గెలుపులు నా ప్రాక్టీసులో ఎన్నడూ చూడలేదు.



శ్రీవారికి,

నమస్కారాలు. నేను క్షేమమో కాదో మీ కోర్టులోనే తేల్చుకోండి.

నిన్న మీ నోటీసు రిజిస్టరు పోస్టులో అందింది. టైపు కొట్టించి, ఆఫీసు ముద్ర వేయించి, సంతకం పెట్టి మరీ పంపారు! అల్లుడు సంతకం చేసి తీసుకున్నాడు. వియ్యపురాలు కవరు చించి, ఇంటిల్లిపాదీ వినేలా పైకి చదివింది. 'నెపముతో ఇల్లు విడిచి' అన్నచోట ఆగి, నా మొహం చూసి, మళ్లీ మొదట్నుంచీ చదివింది. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మాయేమో చంటాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఒకటే ఏడుపు.

బాగున్నావా అని ఒక్క మాట లేదు. మనవడిది ఎవరి పోలిక అని లేదు. ఎవరో క్లయింటు పెళ్లాన్ని బెదిరించినట్టు నన్ను బెదిరించారు. ఇన్నేళ్లూ మీ కళ్లెదురుగా తిరిగితే ఫైల్లోంచి తలెత్తలేదు. ఇప్పుడు నేను లేనని చట్టం ఎత్తారా? తీసుకోండి చర్య. నేనూ చూస్తాను.

మీ ప్రతివాది

తా.క.: అల్లుడు భయపడిపోయి ఇక్కడొక ప్లీడరుగారి దగ్గరికి తీసుకెళ్లాడు. నేను చెప్పుకున్నదంతా ఆయన ఒక్కసారి కూడా అడ్డు తగలకుండా విన్నాడు. ప్లీడర్లలో అలాంటివాళ్లు కూడా ఉంటారని నాకు తెలీదు.



చి.ల.సౌ. ప్రతివాదికి, కాదు, నా ఇల్లాలికి,

ఆశీస్సులు. కొంప మునిగింది.

నేను రాసింది ఉత్తరమే తల్లీ! చేతికందిన ఆఫీసు కాగితం మీద రాసి, బల్ల మీద పెట్టి కోర్టుకి వెళ్లాను. మన గుమాస్తా సంగతి తెలుసుగా. చేరినరోజునే వాడికి నేర్పాను: 'క్లయింట్లు గోడు వెళ్లబోసుకుంటారు, ఏడుపులు కొట్టేసి అసలు విషయం టైపు చెయ్యి' అని. అదే చేశాడు. ముందున్న ఏడుపు కొట్టేశాడు, వెనకున్న ఏడుపు కొట్టేశాడు, నోటీసు మిగిల్చాడు. సంతకాల కట్టలో పెడితే నేను చూడకుండా గీకి పారేశాను. చీవాట్లు పెడితే, 'ఇంతకన్నా చక్కటి డ్రాఫ్టు మీరెప్పుడూ రాయలేదు సార్' అంటాడు.

నీ ప్లీడరు పంపిన జవాబు నోటీసూ వచ్చింది, మనోవర్తి అడుగుతూ. ఎవరోగాని ఘటికుడు. ఎంత వెతికినా ఒక్క లొసుగు దొరకలేదు. కబురు కోర్టంతా పాకింది. మధ్యాహ్నం ఇంటికి పరిగెడతానని నన్ను 'ఇంటిపిల్లి' అని ఏడిపించే ప్లీడర్లంతా ఇప్పుడు ఏడిపించడం మానేసి భుజం తడుతున్నారు. అదే భరించలేకుండా ఉన్నాను. మొన్న ఒక మొగుడూపెళ్లాలు రాజీ కుదర్చమని గుమ్మం దాకా వచ్చి, నా సంగతి విని, చేతులు పట్టుకుని వెనక్కి పోయారు. వాళ్ల కాపురం మాత్రం నిలబడింది.

వాడు కొట్టేసింది ఏమిటో చెప్పనా? ఇల్లు బావురుమంటోంది. నువ్వు లేకపోతే నాకు తోచదు. ఫైల్లోంచి తలెత్తలేదన్నావు, నిజమే. నువ్వు వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తుంటేనే నాకు ఫైలు నడిచేది. ఇప్పుడు ఒక్క పేజీ తిరగడం లేదు. వస్తావో రావో ఒక్క ముక్క రాయి. రానంటే, ఒంటరిగా బతకడం ఈ వయసులో మొదట్నుంచీ నేర్చుకోవాలి.

నీ ఇంటిపిల్లి

తా.క.: ఈ ఉత్తరం నేనే స్వయంగా పోస్టు డబ్బాలో వేస్తున్నాను. గుమాస్తా వెనకనుంచి తొంగిచూసి, 'ఇందులో ఏడుపులు కొట్టేస్తే చిరునామా ఒక్కటే మిగులుతుంది సార్' అన్నాడు.



శ్రీవారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరం అమ్మాయి ఇంటికి, మీ పేరున రాస్తున్నాను. ఎందుకంటే, నేనిప్పుడు మన ఇంట్లో ఉన్నాను.

మీ ఉత్తరం వియ్యపురాలికి చూపించాను. ఈసారి పైకి చదవలేదు. కళ్లొత్తుకుని, 'మా ఆయన నాకు నోటీసు కూడా ఇవ్వడు' అంది. ఆ పూటే రైలెక్కాను. చెప్పాపెట్టకుండా వచ్చి మిమ్మల్ని అదరగొడదామనుకున్నాను. వచ్చి చూస్తే గుమ్మానికి తాళం! గుమాస్తా తాళంచెవి పట్టుకుని పరిగెత్తుకొచ్చి, 'సారు మీ జవాబు కోసం ఆగలేకపోయారమ్మా, కేసులన్నీ వాయిదా వేయించుకుని మీ దగ్గరికే బయల్దేరారు' అన్నాడు. రెండు రైళ్లూ దారిలో ఎక్కడో పక్కపక్కనే పోయుంటాయి. నేను కిటికీ దగ్గరే కూర్చున్నాను కూడానూ.

మీకేం లోటు, కోర్టుంది, క్లయింట్లున్నారు, నేను లేకపోతే తెలియను కూడా తెలియదు అనుకున్నానండీ. అందుకే రోజులు పొడిగిస్తూ పోయాను. వచ్చి గంట కాలేదు, అప్పుడే రెండుసార్లు 'ఏమండీ' అని పిలిచాను. పలికే దిక్కు లేదు. ఇంత చిన్న ఇల్లు అంత పెద్దదెప్పుడైందో!

మళ్లీ నేనటు, మీరిటు బయల్దేరితే ఈ జన్మకి తెమలదు. ఎవరో ఒకరు కదలకుండా కూర్చోవాలి. నేను కూర్చుంటాను. మీరు రండి.

ఇంట్లోనే ఉన్న
మీ ఇల్లాలు

తా.క.: మనవణ్ణి ఎత్తుకునేటప్పుడు మెడ కింద చెయ్యి పెట్టండి. వాడితో వాదనకి దిగకండి, ఇంతవరకూ ఎవరూ గెలవలేదు. కరువుతీరా చూసుకునే రండి, తొందరేం లేదు అని రాద్దామనుకున్నాను. చెయ్యి రావడం లేదు. ఒక్కరే ఉండటం ఇన్నాళ్లు మీకెలా చేతనైందో గాని, నాకు ఒక్క పూటైనా చేతకావడం లేదండీ.