బంగారు ఈనెల మందార

కోకాపేట,
10 జూన్ 2025

ప్రియమైన వదినకు,

అన్న కూరగాయల వ్యానులో రెండు మందార మొక్కలు పంపుతున్నాను. ఆకు చూడు, ఈనెలన్నీ బంగారు రంగులో ఎలా ఉన్నాయో. మా ఆఫీసు టవర్ వెనక గోడ దగ్గర ఎవరూ పట్టించుకోని మొక్క ఒకటి ఇలా కనిపిస్తే, కొమ్మలు నాటి పెంచాను. మేనేజర్ రంగనాథ్ గారు చూసి గేటు నుంచి లాబీ దాకా మూడు వందలు పెట్టించారు. మెడలో ఐడీ కార్డులున్న వాళ్లంతా వాటి పక్కన సెల్ఫీలు దిగుతున్నారు. నీళ్ల పైపు పట్టుకునేదాన్ని కాస్తా తోట సూపర్‌వైజర్‌నయ్యాను. అక్కడి బోర్డు మీద నా పేరు కూడా రాశారు!

"నన్నెందుకు పోస్ట్‌మ్యాన్‌ను చేస్తరు, ఫోన్ల మాట్లాడుకోరాదా?" అని అన్న గొణుగుతున్నాడు. ఫోన్లో అయితే పక్కన కూర్చుని అన్నీ వింటాడు కదా. మంగళవారం, శుక్రవారం మన ఉత్తరాలు మోయక తప్పదని చెప్పు.

నీ మరదలు,
యశస్విని

శంకర్‌పల్లి,
29 జూలై

ముద్దుల మరదలికి,

మందారలు బెండ చేను గట్టు మీద పెట్టాను. దారిన పోయేవాళ్లంతా ఆగి అడుగుతున్నారు. మా మరదలు కనిపెట్టిన మొక్క అని గొప్పలు పోతున్నాను.

బెండే బాగాలేదు. అది మా అమ్మ దాచి ఇచ్చిన నాటు విత్తనం. ఈసారి ఉన్న గింజలన్నీ వేసేశాను, డబ్బాలో ఒక్కటి కూడా మిగల్లేదు. ఇప్పుడు గట్టు పక్క సాళ్లలో ఆకులు పసుపెక్కుతున్నాయి, కాయలు తెల్లగా పాలిపోతున్నాయి. అమ్మ పోయాక ఆమెదంటూ నాకు మిగిలింది ఈ విత్తనమొక్కటే. ఇది కూడా పోతుందేమోనని భయంగా ఉంది. ఆకు కవర్లో పెట్టాను. నువ్వు తోటపని చదివిన కాలేజీలో చూపించు.

నీ వదిన,
పుణ్యవతి

కోకాపేట,
5 ఆగస్టు

ప్రియమైన వదినకు,

మా కాలేజీ సార్‌కు ఆకు చూపించాను. పల్లాకు తెగులట, వైరస్. తెల్లదోమ ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలితే అంటుకుంటుంది. సోకిన మొక్కకు మందు లేదు. పసుపెక్కినవన్నీ పీకి తగలబెట్టు. జిగురు పూసిన పసుపు అట్టలు ఇరవై పంపుతున్నాను. సాళ్ల మధ్య కట్టు, దోమ వాటికి అంటుకుపోతుంది. ఈ రోగం గింజలోకి రాదట. బాగున్న మొక్కలు కొన్ని కాయ ముదిరేదాకా నిలబడితే విత్తనం దక్కుతుంది.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది, ఇంతకన్నా రాయలేను.

యశస్విని

శంకర్‌పల్లి,
8 ఆగస్టు

ముద్దుల మరదలికి,

సగానికి పైగా చేను పీకేశాను. "మార్కెట్ల బెండ విత్తనాలు దొరకయా, ఎందుకింత పరేషాన్?" అన్నాడు మీ అన్న. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. తూర్పు వైపు నాలుగు సాళ్లు మాత్రం పచ్చగా ఉన్నాయి. నా ఆశంతా వాటి మీదే.

ఒక మంచి మాట చెప్తాను. పదిహేనున శ్రావణ శుక్రవారం పేరంటం పెట్టుకున్నాను. తాంబూలంతో పాటు ఈసారి వాయనంగా నీ మందార ఇస్తాను. జూన్‌లోనే కొమ్మలు గుచ్చి పెట్టిన సంచులు పదకొండు చిగురించాయి. పదకొండు ఇళ్లలో నీ పేరు చెప్పుకుంటారు.

నీ వదిన,
పుణ్యవతి

కోకాపేట,
12 ఆగస్టు

ప్రియమైన వదినకు,

వాయనానికి మందార వద్దు. ఆ రకం మన ఎర్రనేలలో నిలదొక్కుకోదు, చచ్చిపోతే వాళ్లు బాధపడతారు. అన్నతో పదకొండు తులసి మొక్కలు పంపుతున్నాను, అవి ఇవ్వు.

వారం నుంచి ముసురు. నేనుండే నార్సింగి హాస్టల్లో బట్టలు ఆరట్లేదు.

యశస్విని

కోకాపేట,
19 ఆగస్టు

వదినా,

తులసితో పాటు మందార కూడా ఇచ్చావని మొన్న అన్న ఫోన్లో చెప్పాడు. "మా మరదలికి మొహమాటమెక్కువ, గట్లనే అంటది" అన్నావట. అది విన్నాక ఇక దాచలేను.

ఆ బంగారు ఈనెలు రకం కాదు, రోగం. నీ బెండాకుతో పాటు మందార ఆకు కూడా సార్‌కిచ్చాను. రెండింట్లోనూ ఒకటే వైరస్. ఆయన రాసిచ్చిన కాగితం ఇందులో పెట్టాను. నీ చేనుకు రోగం పంపింది నేనే. బయటపడితే ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. నిన్న రంగనాథ్ గారికి చెప్పేశాను. మూడు వందలూ పీకించారు, బోర్డు తీసేశారు. మళ్లీ నీళ్ల పైపు చేతికొచ్చింది. నన్ను ఎంతైనా తిట్టు, ముందు గట్టు మీదవి పీకు.

యశస్విని

శంకర్‌పల్లి,
22 ఆగస్టు

యశస్వినికి,

నీ ఉత్తరం చదివిన గంటలో గట్టు మీదవి పీకి తగలబెట్టాను. తెలియక పంపావు, దానికి నిన్ను ఒక్క మాట అనను.

కానీ కాగితం మీద తేదీ ఆగస్టు నాలుగు. వాయనం ఇచ్చింది పదిహేనున. ఆ మధ్యలో నీ ఉత్తరాలు రెండు వచ్చాయి. ఒకదాంట్లో ఎర్రనేల అని రాశావు. నిజం రాసి ఉంటే పదకొండు సంచులూ ఆ రోజే పొయ్యిలో పెట్టేదాన్ని. నాకు చాలా కోపం వచ్చింది. ఇంకా పోలేదు.

తూర్పు సాళ్లలో కాయ ముదరడానికి మూడు వారాలు పడుతుంది. ఆ పదకొండు పెరళ్ల నుంచి దోమ లేస్తే అవీ దక్కవు. నిన్న కనకలక్ష్మి అత్త ఇంటికి పోయి మొక్క తిరిగిమ్మన్నాను. ఆమె దానికి పసుపు కుంకుమ పెట్టుకుంది. "ఇచ్చిన వాయనం ఎన్కకు అడుగుతరా బిడ్డా? ఎవలన్న ఇంటే ఏమనుకుంటరు?" అని మొహం తిప్పుకుంది. ఎందుకడుగుతున్నానో చెప్పాలంటే నీ సంగతి చెప్పాలి. చెప్పలేక ఉత్త చేతులతో వచ్చేశాను.

అది నేను చెప్పను, నువ్వే చెప్పాలి. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు రా. పదకొండు గడపల్లోనూ నువ్వే అడుగు, నేను పక్కన నిలబడతాను. ముందు కనకలక్ష్మి అత్త ఇంటికి పోదాం. ఇంటికి తిరిగొచ్చాక అన్నం తిందాం.

ఇంకా నీ వదినే,
పుణ్యవతి