రోకలీ రోలూ

అన్నయ్యకు,

సకల జనులకూ తెలియజేయునది ఏమనగా, మా సినిమా హాల్లో మూడో వరుస చివరి కుర్చీ కిర్రుమనడం మానేసింది. ఇంతటి మహత్తర వార్తను ముందుగా నీ చెవిన వేయడం, గేటు దగ్గర టికెట్లు చింపే తమ్ముడిగా నా ధర్మం.

ఇక చిన్న విషయం. పాతకాలపు రాక్ పాటలన్నీ గుదిగుచ్చి తీసిన సినిమా ఒకటి వచ్చింది. కుర్రాళ్లు "ఇదేం గోలరా బాబూ" అంటూ ఫోన్లు చూసుకున్నారు. టైలరు మామ మాత్రం కళ్లు తుడుచుకుంటూ, "దుమ్ము పడిందిరా, సరిగ్గా ఊడ్చి చావరు" అని నన్నే తిట్టాడు.

అసలు పాట రాగానే "రాక్ అండ్ రోల్" అనాల్సిన చోట హాలంతా "రోకలీ రోలూ" అని పాడింది! పెళ్లి కాకముందు నుంచీ నువ్వు పాడే తప్పు అదేగా. చుట్టాల ముందు దానికి వదిన నవ్విందనేగా, గిటారు చంకన పెట్టుకుని నీ వర్క్‌షాపు గదిలో కాపురం పెట్టావు? ఫోనెత్తవు కనుక ఉత్తరం రాస్తున్నాను. నీ అలక భరించలేక అక్కడి ఎలుకలు కూడా గది ఖాళీ చేసి ఉంటాయి. ఆదివారం ఇంటికి రా.

ఒక్క మాట. హాలంతా పాడిందన్నది పూర్తిగా నా కల్పన. పాడింది వదిన ఒక్కతే. జనం వెనక్కి తిరిగి చూసి నవ్వారు. "అమ్మాయ్, మాటలు తప్పు" అన్నాడు టైలరు మామ.

"మా ఇంట్లో ఇలాగే పాడతాం" అని, ఇంకా గట్టిగా ఎత్తుకుంది.

నీ తమ్ముడు